లొకేషన్ ఆటలతో ఆరుబయట జాగ్రఫీ: బెంగళూరు టీచర్ గారి ప్రశ్నకు జవాబు

టీచర్ గారూ, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్కూల్లో ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతున్నారు. క్లాసులో నలభై మంది. సగానికి పైగా అనంతపురం, చిత్తూరు, నెల్లూరు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల పిల్లలు. అట్లాస్ తెరిస్తే ఆవులిస్తారు, ఫోన్ ఇస్తే తల ఎత్తరు. ఫోన్ చూస్తూ వీధుల్లో తిరిగి బొమ్మ జీవులను పట్టే పోకెమాన్ గో, దాచిన డబ్బాలను జీపీఎస్‌తో వెతికే జియోక్యాచింగ్ లాంటి ఆటలతో వీళ్లను బయటికి తీసుకెళ్లి జాగ్రఫీ చెప్పొచ్చా, ఏ యాప్ వాడాలి, తల్లిదండ్రులకు ఏం చెప్పాలి అని అడిగారు. నేనూ ఈ ఊళ్లోనే చాలా ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. పిల్లలను ఫోన్లతో, మ్యాపులతో వీధుల్లోనూ చెరువు కట్టల మీదా తిప్పుతున్నాను. అందుకే కొంచెం వివరంగానే రాస్తున్నాను.

చెప్పొచ్చు. కానీ యాప్ ఎంచుకోవడం చివరి పని. ముందు ప్రశ్నలు రాసుకోవాలి. రాసిన ప్రతి ప్రశ్నకూ ఒకటే పరీక్ష పెట్టండి: ఆ చోటికి వెళ్లకుండా, ఇంట్లో కూర్చుని దీనికి జవాబు చెప్పగలరా? చెప్పగలిగితే ఆ ప్రశ్న కొట్టేయండి.

"లాల్‌బాగ్ తోటను ఎవరు మొదలుపెట్టారు?" అనడిగితే హైదర్ అలీ, 1760 అని సోఫాలో కూర్చునే చెప్పేస్తారు. దానికోసం పిల్లలను అంత దూరం తీసుకెళ్లక్కర్లేదు. అదే లాల్‌బాగ్ బండ మీద నిలబెట్టి, "ఈ రాతిలో తెల్ల చారలు, నల్ల చారలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు సాగుతున్నాయి? ఎక్కడైనా చార మెలి తిరిగిందా? ఆ చోటు బొమ్మ గీయండి" అని అడగండి. పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని రాతిని చేత్తో తడుముతారు. దిక్సూచి తీస్తారు. తమలో తాము వాదించుకుంటారు. అది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి ద్వీపకల్ప నీస్ శిల, జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది అన్న సమాచారం అప్పుడు చెప్పండి. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ ఖనిజాలు విడివిడి పొరలుగా సర్దుకోవడం వల్లే ఆ చారలు ఏర్పడ్డాయని కూడా అప్పుడే చెప్పండి. కళ్లతో చూసిన చారకు కారణం దొరికింది కాబట్టి అది మర్చిపోరు.

ఇక మీరు అడిగిన రెడీమేడ్ ఆటల సంగతి. పోకెమాన్ గో 2016 జులైలో వచ్చింది, మన దేశంలోకి అదే ఏడాది డిసెంబరులో అడుగుపెట్టింది. అది పిల్లలను నడిపిస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ చోటు గురించి ఏమీ అడగదు. గుడి ముందైనా, ఫ్లైఓవర్ పక్కనైనా ఆట ఒకటే, నేల అక్కడ ఉత్త పరదా. కాబట్టి పాఠం చెప్పడానికి దాన్ని వాడమని నేను చెప్పను. అయితే పాఠానికి వస్తువుగా మాత్రం అది చాలా బాగా పనికొస్తుంది. ఆటలోని స్టాపులు, అంటే ఆటగాళ్లు ఆగి వస్తువులు తీసుకునే చోట్లు, మొదట్లో ఎక్కడి నుంచి వచ్చాయో పిల్లలకు చెప్పండి. ఈ ఆట తయారు చేసిన కంపెనీ అంతకుముందు నడిపిన ఇంగ్రెస్ అనే ఆటలో ఆటగాళ్లు తమ ఊళ్లలోని విగ్రహాలు, గుళ్లు, పార్కులు సూచించారు, చాలావరకు అవే ఇందులోకి వచ్చాయి. అంటే ఫోన్లు, తీరిక, ఇంటర్‌నెట్ ఉన్నవాళ్లు ఎక్కువ ఉన్నచోట స్టాపులు గుంపుగా ఉంటాయి, పల్లెల్లో పలచబడతాయి. "మీ తాతగారి ఊళ్లో ఎన్ని స్టాపులున్నాయి, ఇందిరానగర్‌లో ఎన్ని? ఎందుకలా?" అని అడగండి. మ్యాపును ఎవరు గీస్తే వాళ్లకు కనిపించిందే అందులో ఉంటుందన్న విషయం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంతకంటే సులువుగా చెప్పే దారి నాకు తెలియదు.

జియోక్యాచింగ్ కథ కూడా పిల్లలకు చెప్పదగినది. 2000 మే 2 వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే మసక చేసేది. ఆ రోజు ఆ మసక తీసేశారు. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన బకెట్టులో వస్తువులు పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్‌నెట్‌లో పెట్టాడు. ఆట అలా పుట్టింది. అక్షాంశ రేఖాంశాలు నేర్పడానికి ఇది మంచిదే. కాకపోతే మన ఊళ్లో బహిరంగ స్థలంలో మూత పెట్టిన డబ్బా దాచడం వద్దు. మెట్రో స్టేషన్ దగ్గరో పార్కులోనో ఎవరికైనా కనిపిస్తే పోలీసుల వరకూ వెళ్తుంది, అందరికీ టెన్షన్. అందులోనే ఎర్త్‌క్యాష్ అని ఒక రకం ఉంది. 2004లో అమెరికా భూవైజ్ఞానిక సంఘం చొరవతో మొదలైంది. డబ్బా ఉండదు. ఆ చోటికి వెళ్లి రాయిని, నేలను, నీటిని గమనించి ప్రశ్నలకు జవాబు పంపాలి. మీరు తయారు చేయబోయే ఆటకు నమూనా ఇదే.

మరొక నమూనా కూడా ఉంది. 2000ల మొదట్లో ఎంఐటీలో ఎరిక్ క్లాప్ఫర్, కర్ట్ స్క్వైర్ బృందం ఎన్విరాన్‌మెంటల్ డిటెక్టివ్స్ అనే ఆట చేసింది. క్యాంపస్ భూగర్భ జలంలో విషరసాయనం కలిసిందనుకుని, చేతి కంప్యూటరూ జీపీఎస్‌తో తిరుగుతూ అది ఎక్కడి నుంచి వచ్చిందో విద్యార్థులు కనిపెట్టాలి. కొలతలు కల్పితమే, నడక మాత్రం నిజం. సమయం తక్కువ కాబట్టి ఎక్కడ కొలవాలి, ఎవరిని అడగాలి అన్నది ముందే ఆలోచించుకోవాలి. దీన్నుంచి నేను తీసుకున్నది ఒకటే: పిల్లలకు అన్ని చోట్లా కొలిచే అవకాశం ఇవ్వకూడదు. జట్టుకు కొన్ని అవకాశాలే ఇస్తే, పరుగెత్తే ముందు మ్యాపు చూస్తారు.

ఇప్పుడు అసలు ఆట. బెంగళూరుకు నది లేదని మన పిల్లలు అనుకుంటారు. నిజానికి ఈ ఊరు ఒక గట్టు మీద కూర్చుంది. పడమటి వాలు నీళ్లు వృషభావతిలో, అక్కడి నుంచి అర్కావతిలో, చివరకు కావేరిలో కలుస్తాయి. తూర్పు వాలు నీళ్లు చెరువు నుంచి చెరువుకు దిగి, బెళ్లందూరు, వర్తూరు దాటి దక్షిణ పినాకినిలో పడతాయి. ఆ నది హొసూరు మీదుగా తమిళనాడులోకి వెళ్లి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. లాల్‌బాగ్ చెరువు ఈ తూర్పు వాలులోది, కోరమంగళ లోయకు చెందింది. బసవనగుడిలోని బుల్ టెంపుల్ దగ్గర వృషభావతి పుడుతుందని చెబుతారు, అది పడమటి వాలు. ఈ రెండింటి మధ్య నడిస్తే సుమారు రెండు కిలోమీటర్లు. అంటే గాంధీ బజార్ చుట్టుపక్కల వీధుల్లో ఎక్కడో జల విభాజక రేఖ ఉంది. దానికి ఇటు పడిన చినుకు కడలూరుకు పోతుంది, అటు పడిన చినుకు కావేరి సముద్రంలో కలిసే పూంపుహార్ దిక్కుకు పోతుంది.

ఆట ఇదే: "ఆ రేఖ ఏ వీధిలో ఉందో కనిపెట్టండి."

జట్టుకు నలుగురు. లాల్‌బాగ్ బండ దగ్గర మొదలు. చారల ప్రశ్న అయ్యాక బండ మీద కెంపేగౌడ బురుజు దగ్గరికి ఎక్కించండి. నేల ఏ వైపు దిగుతోందో చూసి అందరూ తమ ఊహ రాసి ఇవ్వాలి. తర్వాత పశ్చిమ ద్వారం నుంచి బయటికి. ఇక్కడి నుంచి ప్రతి జట్టుకూ పది కొలతలు మాత్రమే. కొలత అంటే పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఫుట్‌పాత్ అంచున సీసాలోంచి కొన్ని నీళ్లు పోసి ఎటు పారాయో చూడటం, లేదా వాన నీటి కాలువలో చెత్తా ఇసుకా ఏ వైపు మేట వేసిందో చూడటం. ప్రతి కొలత దగ్గరా ఫోన్‌లో పిన్ను పెట్టి, బాణం గుర్తు ఎటువైపో రాసుకోవాలి. బాణాలన్నీ తూర్పుకు ఉన్న వీధి, పడమటికి ఉన్న వీధి దొరికాక, మధ్యలో ఎక్కడ మిగతా కొలతలు పెట్టాలో వాళ్లే తేల్చుకుంటారు. ముగింపు బుల్ టెంపుల్, దాన్ని ఆనుకునే బ్యూగుల్ రాక్. ఓపిక ఉంటే వాయవ్యంగా దిగి కెంపాంబుధి చెరువు దాకా వెళ్లొచ్చు. బ్యూగుల్ రాక్ కూడా లాల్‌బాగ్ బండ జాతిదే. "పొద్దున చూసిన రాయీ ఇదీ ఒకటేనా? రుజువేమిటి?" అన్నది అక్కడి ప్రశ్న.

జట్లు కనిపెట్టిన రేఖలు ఒకదానితో ఒకటి కలవవు. కలవాల్సిన అవసరమూ లేదు. ఒక జట్టు రోడ్డు వేసినప్పుడు ఎత్తు పెంచిన చోట కొలిచి ఉంటుంది. ఇంకో జట్టు కాలువను మళ్లించిన చోట కొలిచి ఉంటుంది. సహజమైన వాలు ఒకటి, కార్పొరేషన్ కాలువ వాలు ఇంకొకటి. ఈ తేడా బయటపడే క్షణమే నా దృష్టిలో ఆట మొత్తానికీ విలువైనది. నగరం నీటి దారిని ఎలా మారుస్తుందో పాఠ్యపుస్తకం చెప్పలేని చోట ఆ పిల్లల బాణాలు చెబుతాయి. అందరి పిన్నులూ ఒకే మ్యాపులో పెట్టి, తేడా వచ్చిన చోట ఎవరిది సరైనదో వాదించుకోమనండి. ఒక పీరియడ్ మొత్తం దీనికే ఇవ్వండి, తొందరపెట్టొద్దు.

ఒక జాగ్రత్త. కార్తీక మాసం చివరి సోమవారం చుట్టూ బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది, వేరుశెనగ రాశులతో రోడ్లు నిండిపోతాయి. అనంతపురం పిల్లలకు చూపించదగ్గ సంతే, కానీ ఆట ఆడటానికి ఆ రోజులు కుదరవు.

మీ స్కూలు వైట్‌ఫీల్డ్‌లో కాబట్టి బసవనగుడి దాకా తీసుకెళ్లడం రెండో ఆటకు పెట్టుకోండి. మొదటిది స్కూలు చుట్టూ కిలోమీటరులోపే చేయండి. మీరు ఉన్నది తూర్పు వాలు కింది భాగంలో, వర్తూరు చెరువు దగ్గర్లోనే. మీ స్కూలు ప్రహరీ పక్కన కాలువ ఉంటే అదెక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్నది మొదటి ఆట. ఇక్కడివాళ్లు రాజకాలువె అంటారు కదా, ఒక చెరువు నిండి పొంగితే కింది చెరువుకు నీరు చేర్చే పెద్ద కాలువ. అది ఎక్కడ మాయమైందో, దాని మీద ఏం కట్టారో పిల్లలు మ్యాపు మీద గుర్తించాలి. వాన పడితే ఫలానా అండర్‌పాస్ ఎందుకు మునుగుతుందో అడిగితే, మ్యాపు చూసి వాళ్లే చెప్పగలగాలి. పాత మెజెస్టిక్ బస్టాండ్ ధర్మాంబుధి చెరువులో, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో వచ్చాయని తర్వాత చెబితే, తాము చూసిన కాలువతో కలిపి అర్థం చేసుకుంటారు. ఇంకో మాట: కోరమంగళ లోయలో శుద్ధి చేసిన నీటినే 2018 నుంచి కోలారు చెరువులకు పంపు చేస్తున్నారు. మీ క్లాసులో కోలారు వైపు బంధువులున్న పిల్లలు తప్పకుండా ఉంటారు, వాళ్లను ఆ చెరువు గురించి ఇంట్లో అడిగి రమ్మనండి.

అన్నట్టు, ఈ ఊళ్లో కుళాయి నీళ్లు ఎక్కడివని కూడా అడగండి. కావేరి నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తున్నారు. గట్టు మీద ఊరు కట్టుకున్నందుకు చెల్లిస్తున్న ధర అది. వాలు కొలిచిన పిల్లలకు ఆ 500 మీటర్లు ఉత్త అంకెలా అనిపించదు.

ఫోన్ గురించి కొంచెం లోతుగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు.

ఫోన్ మ్యాపులో మనమున్న చోటు చూపే నీలి చుక్కను అనుసరించి నడిచిన పిల్లవాడు దారి నేర్చుకోడు. చుక్క కదులుతుంటే వాడూ కదులుతాడు, అంతే. అందుకే నా దగ్గర ఒక నియమం ఉంది: ఆగినప్పుడే ఫోన్ తీయాలి, నడిచేటప్పుడు జేబులో ఉండాలి. తర్వాతి మలుపు దాకా దారి మ్యాపులో చూసి, "ఎడమకు తిరిగి, గుడి దాటాక రెండో వీధి" అని నోటితో ఒకరికొకరు చెప్పుకుని, ఫోన్ లోపల పెట్టి నడవాలి. దీనివల్ల రెండు లాభాలు. బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద కాళ్ల కింద చూసుకుని నడుస్తారు. మ్యాపును బుర్రలోకి ఎక్కించుకోవడం అలవాటవుతుంది. ఇంకో చిన్న పని, మ్యాపు తిరగకుండా ఉత్తరం పైకి ఉండేలా సెట్టింగ్ పెట్టండి. మనం తిరిగితే మ్యాపూ తిరిగిపోతుంటే దిక్కులు ఎప్పటికీ రావు. పిల్లలు మొదట్లో గొణుగుతారు, ఒక గంటలో సర్దుకుంటారు.

జీపీఎస్ ఎలా పనిచేస్తుందో ఆటకు ముందే ఒక పది నిమిషాలు చెప్పండి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయం చెబుతూ సిగ్నల్ పంపుతుంటాయి. కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే, అది ఎంత సేపట్లో చేరిందన్న లెక్కతో ఫోన్ తన చోటు కనుక్కుంటుంది. గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పుతుంది. ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు, వింటుందంతే, కాబట్టి డేటా లేకపోయినా చోటు తెలుస్తుంది. పిల్లలకు ఇది చాలా ఆశ్చర్యంగా ఉంటుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూపించండి.

ఆకాశం బాగా కనిపించేచోట మామూలు స్మార్ట్‌ఫోన్ దాదాపు 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. కబ్బన్ పార్కులో పెద్ద చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి చుక్క వీధి అవతలికి దూకుతుంది. అందుకని యాప్‌లో స్టాపు చుట్టూ పెట్టే వలయం 25, 30 మీటర్లకు తగ్గించకండి. తగ్గిస్తే సరైన చోట నిలబడిన పిల్లలకు కూడా ఆట తెరుచుకోదు, ఉత్సాహం చచ్చిపోతుంది. అక్షాంశం రాసేటప్పుడు దశాంశం తర్వాత నాలుగు అంకెలు చాలు. నాలుగో అంకెలో ఒకటి మారితే నేల మీద సుమారు 11 మీటర్లు. ఈ లెక్క పిల్లలతోనే చేయించండి: ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు, దాన్ని పదివేలతో భాగిస్తే ఎంత? గ్రౌండులో ఆ దూరం నడిచి, చివరి అంకె మారిందో లేదో చూడమనండి. ఎన్‌సీఈఆర్టీ కొత్త ఆరో తరగతి సోషల్ పుస్తకంలో మొదటి పాఠమే భూమి మీద చోట్లు గుర్తించడం. కింది తరగతి టీచరు కూడా మీతో కలవొచ్చు.

ఎత్తు విషయంలో మాత్రం ఫోన్‌ను నమ్మకండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. కొన్ని యాప్‌లు 830కి అటూఇటూ చూపిస్తాయి. ఫోన్ చెడిపోలేదు. జీపీఎస్ ఎత్తును కొలిచేది భూమికి వేసిన ఒక నునుపైన ఊహారూపం నుంచి. దక్షిణ భారతంలో గురుత్వాకర్షణ తక్కువ కావడంతో అసలు సముద్రమట్టం ఆ ఊహారూపం కంటే ఎన్నో పదుల మీటర్లు కిందికి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఈ తేడా 100 మీటర్లు దాటుతుంది, ప్రపంచంలో అంత లోతు ఇంకెక్కడా లేదు. ఎనిమిదో తరగతికి ఇది ఎక్కువేనని మీకు అనిపించొచ్చు. కానీ ఇద్దరు పిల్లలు రెండు ఫోన్లలో రెండు ఎత్తులు చూసి "ఏది కరెక్టు మేడమ్?" అని అడిగినప్పుడు దాటవేయకుండా చెప్పండి. భూమి నున్నటి బంతి కాదన్న విషయం వాళ్ల సొంత ప్రశ్నకే జవాబుగా దొరుకుతుంది. విభాజక రేఖ ఆటలో మాత్రం ఫోన్ చూపే ఎత్తుకు లెక్క లేదని, నీరు పారిన దిక్కే సాక్ష్యమని ముందే చెప్పేయండి.

యాప్ సంగతి క్లుప్తంగా. మొదటి ఆటకు ఆర్గానిక్ మ్యాప్స్ చాలు. ఉచితం, ప్రకటనలు ఉండవు, కర్ణాటక మ్యాపు ముందే దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది, పిన్నులు పెట్టి దాచుకోవచ్చు. ప్రశ్నలు కాగితం మీద ఇవ్వండి. రెండో ఆట నుంచి యాక్షన్‌బౌండ్ చూడండి. జర్మనీలో చేసిన యాప్. స్టాపులు, ప్రశ్నలు, ఫోటో పనులు మీరే పెట్టుకోవచ్చు, తెలుగులోనో కన్నడలోనో కూడా రాసుకోవచ్చు. స్కూళ్లు వాడితే లైసెన్సు డబ్బు కట్టాలి, ఆ లెక్క ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడండి. వీటిలో ఏదీ తప్పనిసరి కాదు. మొదట్లో చెప్పిన పరీక్షలో నెగ్గిన ప్రశ్నలుంటే ఏ యాప్‌తోనైనా ఆట నడుస్తుంది.

పాయింట్లు ఎలా ఇస్తారన్నది చాలా ముఖ్యం. ముందు వచ్చినవాళ్లకు ఎక్కువ అని ఒక్క మాట అన్నారంటే నలభై మంది రోడ్డు మీద పరుగెడతారు. వేగానికి పాయింట్లు అసలు వద్దు. సాక్ష్యానికి ఇవ్వండి: బొమ్మ గీశారా, కొలత రాశారా, కారణం చెప్పారా. వేరే జట్టు చూడనిది చూసినవాళ్లకు అదనంగా ఇవ్వండి. నలుగురిలో ఒకరు ఫోన్, ఒకరు రాత, ఒకరు కొలత, ఒకరు రోడ్డు కాపలా. ప్రతి స్టాపు దగ్గరా పనులు మారాలి. లేకపోతే ఫోన్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండిపోతుంది, మిగతా ముగ్గురూ వెనక నడిచే గుంపు అవుతారు.

రోడ్డు దాటాల్సిన చోట స్టాపు పెట్టకండి. రాజకాలువె అంచుకు ఎవరూ వెళ్లకూడదు, కంచె ఇవతలి నుంచే చూడాలి. వాన పడేటప్పుడు ఆ దగ్గరికే వద్దు. ప్రతి రెండు జట్లకూ ఒక పెద్దవారు ఉండాలి. మీరు పిల్లలు లేకుండా అదే వారం, అదే రోజు, అదే వేళకు ఒకసారి దారంతా నడిచి చూడండి. ఆదివారం ఖాళీగా కనిపించిన వీధి మంగళవారం ఉదయం స్కూలు బస్సులతో నిండి ఉంటుంది. లాల్‌బాగ్ కర్ణాటక ఉద్యానవన శాఖది, స్కూలు గుంపు వస్తోందని ముందే లెటర్ ఇవ్వండి.

తల్లిదండ్రుల భయం రెండు రకాలు. మొదటిది, ఉన్న ఫోన్ పిచ్చి చాలక స్కూలు కూడా ఫోన్ ఇస్తోందని. వాళ్లను ఒక ఆటకు రమ్మని పిలవండి. జట్టుకు ఒకే ఫోన్, అదీ ఎక్కువసేపు జేబులోనే ఉండటం కళ్లారా చూస్తే ఆ మాట అనరు. రెండోది, పిల్లల లొకేషన్ ఎవరి చేతికి వెళ్తుందోనని. ఇది నిజంగా పట్టించుకోవాల్సిన భయం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. కాబట్టి పిల్లల పేరుతో ఏ యాప్‌లోనూ అకౌంట్ తెరవద్దు. ఫోన్లు టీచర్లవో, వచ్చిన తల్లిదండ్రులవో వాడండి. జట్లకు చెరువుల పేర్లు పెట్టండి, పిల్లల పేర్లు ఎక్కడా ఎక్కించకండి. ఫోటోల్లో రాళ్లు, కాలువలు ఉండాలి, మొహాలు అక్కర్లేదు.

మార్కుల గురించి కూడా అడిగారు. ఆటకు వారం ముందు ప్రతి పిల్లవాడితో ఇంటి నుంచి స్కూలుకు దారి మ్యాపు గీయించి దాచండి. రెండు ఆటలయ్యాక మళ్లీ గీయించండి. మొదటిదాంట్లో దుకాణాలు, సిగ్నళ్లు ఉంటాయి. రెండోదాంట్లో దిక్కు గుర్తు, ఎక్కుడు దిగుడు, కాలువ, చెరువు కనిపిస్తే మీ పని జరిగినట్టే. ప్రిన్సిపాల్‌కు చూపించడానికి ఈ రెండు కాగితాల కంటే గట్టి రుజువు అక్కర్లేదు. దూరం, దిక్కు, గుర్తులు అని మ్యాపు పాఠంలో మనం చెప్పేవే ఇవి.

ఇక మీ క్లాసు పిల్లల్ని బట్టి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ఏడాది చివర వీలైతే నంది కొండకు తీసుకెళ్లండి. 1,478 మీటర్ల ఎత్తు. ఈ కొండల చుట్టుపక్కలే అర్కావతి, దక్షిణ పినాకినితో పాటు మన పెన్న కూడా పుడుతుంది. ఇక్కడ ఉత్తర పినాకిని అంటారు. అనంతపురం, కడప జిల్లాల మీదుగా, గండికోట లోయ గుండా, సోమశిల జలాశయం దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలవడానికి అది 597 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కొండ మీద ఆట ఇలా పెట్టండి: ఏ వాలు నీరు ఏ నదికి పోతుందో నాలుగు చోట్ల నిలబడి గుర్తించాలి. ఉత్తరపు వాలును గుర్తించిన పిల్లలు అక్కడి నుంచే తాతకో అమ్మమ్మకో ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. మీ ఊరి దగ్గర పెన్నలో నీళ్లు చివరిసారి ఎప్పుడు చూశారు? మీ చిన్నప్పుడు ఎన్ని నెలలు పారేది? మీ చెరువు అలుగు చివరిసారి ఎప్పుడు పారింది? జవాబులు ఊరి పేరుతో సహా మ్యాపు మీద రాయాలి. ఎగువన ఉన్న ఊరి మాట, దిగువన ఉన్న ఊరి మాట పక్కపక్కన పెట్టి చూస్తే ఎండిన నది కథ క్లాసే రాస్తుంది. నెల్లూరు పిల్లలకూ అనంతపురం పిల్లలకూ ఒకే నది గురించి వేర్వేరు జవాబులు వస్తాయి, అక్కడి నుంచి మీ పాఠం మొదలుపెట్టండి.

సమయం విషయానికొస్తే, ఈ ఊళ్లో సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు ఎక్కువ. నవంబరు మధ్య నుంచి నేల ఆరి ఉంటుంది, కాలువల్లో వాన తెచ్చిన మేట ఇంకా తాజాగా ఉంటుంది, దిక్కు చదవడం తేలిక. మీ స్కూలు చుట్టూ కిలోమీటరులో ఏ కాలువ, ఏ చెరువు ఉన్నాయో ఒకసారి నడిచి చూసి ఇక్కడే రాయండి. మొదటి ఆటకు స్టాపులు, ప్రశ్నలు మనిద్దరం కలిసి తయారు చేద్దాం.